మరకల సైటు

మా మామయ్య ఏ యంత్రాన్నీ నమ్మరు. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తగానే ఉతికే యంత్రాన్ని ఖాళీగా ఒకసారి తిప్పుతారు. ఆరబెట్టే యంత్రం తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి వేడి చూస్తారు. ఆవిరి ఇస్త్రీపెట్టెను పాత గుడ్డ మీద అటూ ఇటూ లాగి చూస్తారు. అవన్నీ అయ్యాకే గిరాకీ బట్ట ముట్టుకుంటారు. జనం బట్టల మీద ప్రయోగాలు చెయ్యకూడదన్నది ఆయన సిద్ధాంతం. దాని పుణ్యమా అని మా దుకాణంలో ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా మాడలేదు. ఆ వానాకాలం మాత్రం అదే సిద్ధాంతం మా కొంప ముంచింది.

మాది డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు గదిలో వ్యాపారం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. కౌంటర్ మా అత్తయ్యది, యంత్రాలు మామయ్యవి, ఇస్త్రీ, ఇళ్ళకు చేర్చడం మా ఆయనవి. నేను బడిలో టీచర్ని. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు వింతగా తోచింది ఒక్కటే, మామయ్య మరకల గురించి మాట్లాడే తీరు. సిరా మరక అంటే చాలు, ఆయనకు పూనకం వస్తుంది. పత్తి మీద సిరా వేరు, ఉన్ని మీద సిరా వేరు, పట్టు మీదైతే దేవుడే దిక్కు అంటూ అన్నం చల్లారేదాకా చెబుతారు. ఆయన చెప్పేవన్నీ ఊరికే గాలికి పోతున్నాయని నేను రాయడం మొదలుపెట్టాను. మా ఆయన వాటికి ఒక వెబ్‌సైట్ కట్టారు. ఒక్కో మరకకు ఒక్కో పేజీ. ముందు ఏం చెయ్యాలి, ఏం చేస్తే బట్ట పాడవుతుంది, ఎప్పుడు ఆశ వదులుకోవాలి. చూడ్డానికి పైసా ఇవ్వక్కర్లేదు.

జనం వచ్చారు. మేము ఊహించనంత మంది వచ్చారు. ప్రకటనలు సరఫరా చేసే పెద్ద కంపెనీ ఒకటి మాకు ఒక వాక్యమంత కోడ్ ఇచ్చింది. దాన్ని పేజీలో అతికిస్తే యాడ్లు వాటంతట అవే వచ్చి కూర్చునేవి. ఎవరికి ఏ యాడ్ చూపాలో కంపెనీయే చూసుకునేది. నెల తిరిగేసరికి డబ్బు వచ్చేది. ప్రశ్నలు కుప్పలు తెప్పలుగా పెరిగి, బడి పని, సైటు పని రెండూ నడపలేక, ఆ వేసవిలో నేను జీతం లేని సెలవు పెట్టాను. వానలు తగ్గేదాకా నా ఉద్యోగం అట్టే పెడతానని, ఆ తర్వాత తన చేతిలో లేదని హెడ్మిస్ట్రెస్ గారు ముందే చెప్పారు.

అందుచేత లెక్క తేలిక. సైటు నన్ను పోషిస్తే నేను సైటులో ఉంటాను, లేకపోతే బడికి వెళ్ళి సైటు మూసేస్తాను. నాకు సైటే కావాలి. పిల్లలంటే ఇష్టం లేక కాదు. నేను రాసిన నాలుగు ముక్కలు చదివి, ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి ఇష్టమైన బట్ట పారేయకుండా ఆగిందంటే నాకు కలిగే సంతోషం ఇంకెందులోనూ కలగలేదు.

తొలకరి పడిన వారంలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మా పేజీల్లో దొంగ క్లిక్కులు పడుతున్నాయని, మా ఖాతా ఆపేశామని, ఆ నెల డబ్బు రాదని దాని సారాంశం. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని తవ్వి తవ్వి, క్లిక్కులు ఎక్కడినుంచో కాదు, మా ఇంట్లోంచే పడుతున్నాయని తేల్చారు. పొద్దున్నే ఎవరో వరసపెట్టి ప్రతి యాడ్‌నూ నొక్కుతున్నారు.

మామయ్య కోటు మడత పెడుతూ తల కూడా ఎత్తలేదు.

"నేనే. దుకాణం తెరిచేముందు అన్నీ ఒకసారి నొక్కి చూస్తున్నాను. ఏం, పనిచేస్తున్నాయి కదా?"

మా ఆయన కంప్యూటర్ వదిలి లేచి వచ్చి, కొంతమంది డబ్బు కోసం తమ యాడ్లు తామే నొక్కుకుంటారని, కంపెనీ మమ్మల్నీ ఆ జాబితాలో వేసిందని వివరించారు.

"కంచే చేను మేసినట్టయింది నాన్నా."

"నేనేం మేశానురా? గిరాకీ చేతికి ఇచ్చేముందు సరుకు చూసుకోవద్దూ?" అన్నారు మామయ్య. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

అప్పుడు అత్తయ్య తెర పక్కనుంచి తొంగిచూసి, అందుకేనా ఈ మధ్య ఇంట్లో ఏ ఫోన్ తెరిచినా జుట్టు మొలిపించే నూనెలు, మోకాళ్ళ పట్టీలు, మలివయసులో తోడు వెతికిపెట్టే సంస్థలు కనిపిస్తున్నాయి అని అడిగింది. ఈ మూడోదాన్ని ఆవిడ చాలా నిదానంగా అడిగింది. మామయ్య బట్టతల తడుముకుని, ఆ కంపెనీ వాడు తనను ఎక్కడ చూశాడో తనకు తెలియదన్నారు. అంత కోపంలోనూ నాకు నవ్వాగలేదు. కోపం మాత్రం నిజమే. ఆ రోజు మామయ్యతో నేను ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

జరిగింది జరిగినట్టు కంపెనీకి రాశాను. యంత్రాలను ఖాళీగా తిప్పి చూసే పెద్దమనిషి గురించి, ఆయన సిద్ధాంతం గురించి. నేను జన్మలో అంత నిజాయితీగా ఏదీ రాయలేదు, అంత నమ్మశక్యం కానిదీ రాయలేదు. పరిశీలిస్తాం, సమయం పడుతుంది అని జవాబు వచ్చింది.

ఇక ఇంట్లో రోజూ ఇదే చర్చ. చదివేవాళ్ళను చందా అడుగుదామని నేనన్నాను. మరక పోగొట్టుకోవడానికి వచ్చినవాడి ముందు చెయ్యి చాపుతావా అని మామయ్య ఒప్పుకోలేదు. పేజీలకు తాళం వేసి డబ్బు కట్టినవాళ్ళకే తెరుద్దామని మా ఆయన అన్నారు. అప్పుడు నేను ఒప్పుకోలేదు. మరక అయినవాడు కంగారులో ఉంటాడు, వాడి ముందు తాళం వేస్తే పక్క సైటుకు పోయి వేడినీళ్ళు పోసి బట్ట నాశనం చేసుకుంటాడు.

అత్తయ్య వింటూ వింటూ విసుగెత్తి కౌంటర్ వెనక గోడ చూపించింది. అక్కడ దర్జీ బోర్డు ఒకటి, గుండీల దుకాణం బోర్డు ఒకటి నేను ఈ ఇంటికి రాకముందునుంచీ వేలాడుతున్నాయి. వాటికి వాళ్ళు నెలనెలా ఎంతో కొంత ఇస్తారు.

"చిరిగిన బట్ట తెచ్చినవాడు ఆ బోర్డు చూసి దర్జీ దగ్గరికి పోతాడు. వాడెవడు, వాడి ఇంట్లో ఎందరున్నారు, రాత్రి ఏం తిన్నాడు, ఇవన్నీ మనం దర్జీకి చెబుతున్నామా? సైటులోనూ అలా బోర్డు కట్టండి."

మా ఆయన నీళ్ళు నమిలారు. అమ్మా, ఇప్పుడు లోకం అలా నడవడం లేదన్నారు. చూసేవాళ్ళు ఎవరో తెలిస్తేనే వ్యాపారులు ఎక్కువ డబ్బు ఇస్తారని, ఊరికే చూసే సైట్లన్నీ ఆ డబ్బు మీదే బతుకుతున్నాయని, మనిషి వెంటపడని యాడ్‌కు పెద్దగా విలువ లేదని నచ్చజెప్పారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ మాకు అప్పుడు ఉన్నది గోడ ఒక్కటే.

గొడుగు పట్టుకుని, సైటులో బోర్డు కట్టేవాళ్ళను వెతుక్కుంటూ నేను బయల్దేరాను. కాళ్ళరిగేలా తిరిగాను అంటే మాటవరసకు కాదు, ఆ వానకు చెప్పుల అడుగు నిజంగానే ఊడిపోయింది. బ్రష్షులు చేసే ఆవిడ ఆలోచించి చెబుతానంది. బూట్ల పాలిష్ ఆయన తడిసిన నన్ను చూసి జాలిపడి ఒప్పుకున్నాడు. జాలితో ఒప్పుకున్న బేరం నిలవదని నాకు అప్పుడే అనుమానం కలిగింది, అది నిలవలేదు కూడా.

సబ్బుల ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం అసలు ప్రశ్న ఎదురైంది. ఆయనది రేకుల షెడ్డు. చెక్క తట్టల్లో సబ్బు కడ్డీలు ఆరుతున్నాయి, వాన చెమ్మకు ఆరక ఆయన చిరాగ్గా ఉన్నాడు. నా మాటంతా విని కుర్చీ చూపించి అడిగాడు.

"మీ సైటు చూసేవాళ్ళ వయసు చెప్పగలరా? ఆడవాళ్ళా మగవాళ్ళా, సంపాదన ఎంత? పెద్ద కంపెనీ అయితే అన్నీ చెబుతుందమ్మా."

"అవేవీ చెప్పలేనండీ. ఒక్కటే చెప్పగలను. బురద మరకల పేజీ తెరిచిన మనిషి చేతిలో ఆ నిమిషాన బురద బట్ట ఉంటుంది."

ఆయన ఆరని సబ్బు ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో గీరాడు. తర్వాత, తాను ఇన్నాళ్ళూ ఆ పెద్ద కంపెనీకి డబ్బు కడుతున్నానని, నిన్న సబ్బు కొన్నవాడికే ఇవాళా సబ్బు చూపిస్తోందని తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. బురద పేజీ ఒక నెల తీసుకుంటానన్నాడు. పేజీ మొత్తానికి ఒకే బొమ్మ, కదలకూడదు, మాట్లాడకూడదు, మధ్యలో ఎగిరి పడకూడదు అన్నవి నా షరతులు. అన్నిటికీ తలూపి, బేరం మాత్రం గట్టిగా ఆడాడు.

ఇంటికొచ్చి ఏనుగు ఎక్కినట్టు చెప్పాను. ఇల్లలకగానే పండగ కాదని మా ఆయన అన్నారు గానీ, ఆ సాయంత్రమే కూర్చుని బొమ్మ పెట్టే చోటు తయారుచేశారు. పనిలో పనిగా పాత కంపెనీ కోడ్ పీకేశారు. అది పోయాక పేజీ గబుక్కున తెరుచుకుంటోందని, పాత ఫోన్లలో కూడా ఆగకుండా వస్తోందని మర్నాడు ఆయనే వచ్చి చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో పెళ్ళిచూపులనాటి కళ కనిపించింది.

ఇలా కుదుటపడుతున్న రోజుల్లో ఒకామె వచ్చింది. బయట జోరున వాన. ఆటోలోంచి చుట్టచుట్టిన పరుపును డ్రైవర్ సాయంతో దించుకుని లోపలికి తెచ్చింది. ఆఫీసు బట్టల్లో ఉంది. అత్తయ్య పరుపు విప్పి చూసింది, వాసన చూసింది, ఎన్నాళ్ళ మరక అని మాత్రం అడిగింది. మా దుకాణంలో మరక దేనిదో అడుగుతాం, ఎలా అయిందో అడగం. కౌంటర్ దగ్గర నిలబడ్డ మొదటిరోజే అత్తయ్య నాకు నేర్పిన పాఠం అది.

ఆమె మాత్రం తనంతట తానే చెప్పింది. వాళ్ళ నాన్నగారు మంచం పట్టారు. మూత్రం ఆపుకోలేకపోతున్నారు. ఎండాకాలంలో మా సైటు చూసి పరుపు శుభ్రం చేసుకుందట. పేజీ చాలా బాగుందని, చెప్పినట్టే చేస్తే మరక పోయిందని అంది. నేను తెర వెనక నిలబడి మురిసిపోతున్నాను.

"కానీ ఆ తర్వాత నేను ఎక్కడికి పోతే అక్కడికి పెద్దవాళ్ళ డైపర్ల యాడ్లు వచ్చాయండీ. ఆఫీసులో మీటింగ్‌లో నా కంప్యూటర్ తెర గోడ మీద చూపిస్తుంటే అక్కడా వచ్చాయి. అందరూ నవ్వారు. నాకేననుకున్నారు. కాదు, మా నాన్నకి అని చెప్పలేను కదా. అందుకే ఈసారి సైటు చూడకుండా పరుపే తెచ్చాను."

అత్తయ్య చీటీ రాసి ఇచ్చింది. ఎండ లేదు కాబట్టి రెండు రోజులు ఎక్కువ పడుతుందని చెప్పింది. పరుపు తమ మనిషే ఇంటికి తెచ్చి ఇస్తాడని, ఆటో ఎక్కించే శ్రమ వద్దని చెప్పింది. ఆమె వెళ్ళాక తెర తీసి నా వైపు చూసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పేజీ రాసింది నేను. మంచంలో ఉన్నవాళ్ళను చిన్నబుచ్చకుండా రాయాలని ఒక్కో మాట ఏరి ఏరి రాశాను. ఆ పేజీయే ఆమె వెంటపడి నలుగురిలో నవ్వులపాలు చేసింది. కౌంటర్ దగ్గర మేము అడగని ప్రశ్నను సైటులో ఇంకెవడో అడిగి, జవాబు ఊరంతా చాటాడు.

వానలు పడుతూనే ఉన్నాయి. పాలిష్ ఆయన నెల తిరగకుండానే మానుకున్నాడు. బ్రష్షుల ఆవిడ వచ్చింది. పరుపు తొడుగులు కుట్టే ఇద్దరు అన్నదమ్ములు, దర్జీల సంఘంవాళ్ళు వచ్చారు. సబ్బుల ఆయన బురద పేజీతో పాటు కాలర్ మురికి పేజీ కూడా కావాలన్నాడు. నాకు రాబడి పాత రోజుల్లో వచ్చినదాంట్లో సగానికి కాస్త పైన చేరి అక్కడ ఆగింది. ఇంట్లో ఎవరూ పస్తులుండలేదు గానీ, కొత్త ఆరబెట్టే యంత్రం మాట మామయ్య ఎత్తడం మానేశారు. హెడ్మిస్ట్రెస్ గారు ఒకసారి ఫోన్ చేసి వాన తగ్గుముఖం పట్టింది సుమా అన్నారు. ఆ మాటలో వాతావరణం ఒక్కటే లేదని నాకూ తెలుసు.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వచ్చారు. ఆరబెట్టే యంత్రం తిరుగుతోంది, అందరం అక్కడే ఉన్నాం. కంపెనీ మా ఖాతా మళ్ళీ తెరిచింది. మా వివరణను నమ్ముతున్నామని, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని రాసింది.

మామయ్య రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టారు. ఇన్నాళ్ళూ ఆయన పైకి ఎంత గదమాయించినా, తన వల్ల ఇల్లు నష్టపోయిందన్న దిగులు లోపల తొలుస్తూనే ఉందని ఆ దణ్ణం చూశాక నాకు తెలిసింది. ఆ మెయిల్‌ను అచ్చు తీయించి కౌంటర్ మీద పెట్టాలని ఆయన పట్టుబట్టారు.

"ఒక్క వాక్యం మళ్ళీ అతికిస్తే చాలు. సాయంత్రానికి యాడ్లు వచ్చేస్తాయి. మన బొమ్మలు కూడా ఉంచుకోవచ్చు" అన్నారు మా ఆయన.

నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. పాత రాబడి, దాని మీద కొత్తది. బడి గొడవే ఉండదు. కొత్త యంత్రం వస్తుంది. నేను లేచి బుట్టలోంచి ఆరిన బట్టలు తీస్తూ అడిగాను.

"ఆ పరుపు పేజీలో కూడా వస్తాయా?"

"ఏ పేజీ అయినా వస్తాయి. ఒక్క పేజీలో ఆపినా, పక్క పేజీలో మనిషిని గుర్తుపడతాయి."

"అయితే వద్దండీ."

యంత్రం చప్పుడులో వినబడలేదేమో అనుకున్నాను. వినబడింది. మామయ్య, అత్తయ్య ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"సగం రాబడే వస్తుంది నీకు" అన్నారు మా ఆయన.

"సగమే రానివ్వండి. మిగతా సగం కోసం తిరుగుతాను. సబ్బుల ఆయన దొరికినట్టే ఇంకొకరు దొరుకుతారు."

ఆయన ఫోన్ వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, నా చేతిలోని దుప్పటి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం కలిసి దులిపి మడత పెట్టాం. మామయ్య మాత్రం ఉండబట్టలేక, మరి నా మెయిల్ అచ్చు తీయిస్తారా లేదా అని అడిగారు. తీయించాం. అది ఇప్పటికీ కౌంటర్ మీదే ఉంది, గిరాకీలు చదివి ఏమిటని అడిగితే ఆయనకు అరగంట కాలక్షేపం.

వానలు పూర్తిగా తగ్గిన వారంలో నేను బడికి వెళ్ళాను. మైదానంలో నీళ్ళు ఇంకిపోయి పిల్లలు ఆడుకుంటున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు నేను చేరడానికే వచ్చాననుకుని హాజరు పట్టీ తెరిచారు. చేరడం లేదని చెప్పి, సబ్బుల ఆయన సంగతీ, సైటు రాబడి సంగతీ వివరించాను. ఆవిడ పట్టీ మూసి, కళ్ళజోడు తీసి, రాజీనామా రాసేముందు ఒకసారి ఆలోచించుకోమన్నారు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ రాదన్నారు. ఊరికే చూసే సైట్లు ఎన్ని పుట్టి ఎన్ని పోయాయో తాను చూశానన్నారు. ఆవిడ నా మేలు కోరేవాళ్ళే, అందుకే ఓపిగ్గా విన్నాను. విని, రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆవిడ కాగితం అందుకుని కిటికీలోంచి ఎండ వైపు చూశారు.

"వానాకాలం కాబట్టి బురద మరకలకు సబ్బులవాడు డబ్బిచ్చాడు. ఇక బురద ఉండదు కదమ్మా, ఏం చేస్తావు?"

"ఎండ వస్తే చెమట పడుతుంది కదండీ" అన్నాను. "చెమట మరకల పేజీని సబ్బుల ఆయన ఏడాదికి మాట్లాడుకున్నాడు."